కాల్ కరెక్టే కావచ్చు, కూర్చున్న టేబుల్ తప్పు

ప్రశ్న: మా అబ్బాయి స్టాటిస్టిక్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాడు. రెండేళ్లుగా హెడ్స్‌అప్ పోకర్, అంటే ఇద్దరే ఎదురెదురుగా ఆడేది, ఆడుతున్నాడు. కిందటేడు గెలిచిన డబ్బుతో మా కారు కూడా మార్చాడు. పోయిన నెల చేతిలో ఒక్క జత పెట్టుకుని అవతలివాడి ఆల్‌ఇన్‌కి, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టిన పందేనికి, కాల్ చేశాడు, అంటే తనూ అంత పెట్టి సై అన్నాడు. ఉన్నదాంట్లో సగం పోయింది. ‘కాల్ కరెక్టే నాన్నా’ అంటాడు. చదువయ్యాక ఇదే వృత్తి అంటున్నాడు. పీజీ చేసి ట్రేడింగ్ వైపు వెళ్లడం మేలా, ఇది మేలా? వాడు పేకాటరాయుడు అయిపోయాడేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: రెంటిలో ఏది మేలో చెప్తాను గానీ, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. అన్నీ పిల్లలు ఓడిన నెలలోనే వస్తాయి. మీరూ కొత్త కారు ఎక్కిన రోజున రాయలేదు. అప్పుడు కొడుకు ప్రయోజకుడు, ఇప్పుడు పేకాటరాయుడు. ఈ మధ్యలో వాడి ఆట మారిందా, ఫలితం మారిందా? కోపం తెచ్చుకోకండి. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులు వేసే అలవాటు పోగొట్టుకోవడానికే పోకర్ ఆటగాళ్లు ఏళ్ల తరబడి తంటాలు పడతారు.

ఆఖరి కార్డు పడ్డాక పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 100 చిప్స్ ఉన్నాయి, ఎదుటివాడు ఇంకో 100 పెట్టాడు అనుకోండి. మీవాడు 100 పెట్టి గెలిస్తే 300 వస్తాయి. అంటే మూడుసార్లలో ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. తన జత ఎంత పెద్దదన్నది అక్కడ అంత ముఖ్యం కాదు. ఎదుటివాడు మొదటి నుంచి ఇదే తీరులో పందెం పెంచుకుంటూ రావడానికి వీలున్న ముక్కల్లో నిజంగా బలమున్నవెన్ని, ఫ్లష్ కోసం, అంటే ఒకే గుర్తున్న ఐదు ముక్కల కోసం, చూసి కుదరక బ్లఫ్ చేస్తున్నవెన్ని, అంటే ఉత్తి బెదిరింపులెన్ని అని లెక్కేయాలి. బలమైనవి 12, బ్లఫ్‌లు 6 అయితే కాల్ చేసినా మానినా ఒకటే. బ్లఫ్‌లు 8 ఉంటే కాల్ చేసి తీరాలి, అయినా పదింట ఆరుసార్లు ఓడిపోతాడు. ఇద్దరే ఉన్న టేబుల్‌లో ప్రతి ఆటకీ ఇద్దరూ బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే పెట్టే తప్పనిసరి పందెం, కట్టాలి కాబట్టి మంచి ముక్కల కోసం కాచుకుని కూర్చోవడం కుదరదు. అందుకే అక్కడ ఒక్క జత చిన్న విషయం కాదు.

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో చివరికి ఇద్దరే మిగిలారు. అకౌంటెంట్‌గా పనిచేసే క్రిస్ మనీమేకర్ ఫ్లష్ కుదరక, చేతిలో ఏమీ లేకుండానే ఆల్‌ఇన్ అన్నాడు. శామ్ ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది. గెలిచే ముక్కలే, కానీ ఆలోచించి ఆలోచించి పడేశాడు. మనీమేకర్ 25 లక్షల డాలర్ల బహుమతితో ఇంటికెళ్లాడు. ఆ రోజు ఫర్హా మీవాడిలా కాల్ చేసుంటే ఆట అటు తిరిగేది.

కాబట్టి ఆ కాల్ తప్పని మీ ఉత్తరం చదివి నేను చెప్పలేను. కానీ సగం డబ్బు ఒక్క ఆటలోనా! మీవాడిని నిలదీయాల్సింది అక్కడ. సరైన కాల్ కూడా ఇన్నిసార్లు ఓడుతుందని తెలిసినవాడు, ఓడినా మర్నాడు మామూలుగా ఆడగలిగేంత చిన్న పందేల టేబుల్‌లో కూర్చోవాలి.

వృత్తి అన్నదాని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వంద హ్యాండ్లకు (ఒక్కో పంపకం ఒక హ్యాండ్) సగటున 5 బిగ్ బ్లైండ్లు (ఇద్దరు కట్టే బ్లైండ్లలో పెద్దది) గెలిచే మంచి ఆటగాడినే తీసుకోండి. వంద హ్యాండ్లకు ఒడిదుడుకులు వంద బ్లైండ్ల మేర ఉంటాయనుకుంటే, పది వేల హ్యాండ్లు ఆడాక కూడా అతను నష్టంలో ఉండే అవకాశం దాదాపు 30 శాతం. డగ్ పోల్క్, డేనియల్ నెగ్రాను అనే పేరున్న ఆటగాళ్లు తమలో ఎవరు మేలో తేల్చుకోవడానికి 2020 నవంబరు నుంచి 2021 ఫిబ్రవరి దాకా 25,000 హ్యాండ్లు ఆడారు. పోల్క్ సుమారు 12 లక్షల డాలర్లు గెలిచాడు. మీవాడు ఇప్పటిదాకా ఎన్ని ఆడాడో అడిగారా?

పైగా 2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ల లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు హెడ్స్‌అప్ నిపుణులతో 1,20,000 హ్యాండ్లు ఆడి స్పష్టంగా గెలిచింది. ఇప్పుడు ఎక్కడ ఏం ఆడాలో లెక్కకట్టి చెప్పే సాల్వర్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుని ఎవరైనా సాధన చేయవచ్చు. ఎదుటివాడూ అదే చదివి వస్తాడు. ఇద్దరి మధ్య తేడా సన్నబడింది, నిర్వాహకుల కమిషన్ మాత్రం అలాగే ఉంది. తొమ్మిదిమంది టేబుల్‌లో అయితే ఒక్క బలహీనుడున్నా గడిచిపోతుంది. హెడ్స్‌అప్‌లో ఆ ఒక్కడూ మీ ఎదురుగానే కూర్చోవాలి. మీరు గట్టివారని పేరొస్తే ఎవరూ కూర్చోరు. పనితనం పెరిగేకొద్దీ గిరాకీ పడిపోయే వృత్తి ఇంకెక్కడైనా చూశారా? వీడియోల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. ఎవరో పెట్టుబడి పెట్టి లాభంలో వాటా ఇస్తామంటే ఇంకా జాగ్రత్త. చాలా ఒప్పందాల్లో పాత నష్టమంతా పూడితే గానీ ఆటగాడికి పైసా రాదు.

పోలిక అడిగారు కదా. పీజీ చేయమనండి. ట్రేడింగ్‌లో కూడా పూర్తి సమాచారం లేకుండా పందెం కట్టడమే. కానీ డబ్బు సంస్థది, జీతం నెలనెలా వస్తుంది, ఒక్కసారికి ఎంత పోగొట్టుకోవచ్చో పైవాళ్లు గీత గీస్తారు. మీవాడికి లేనిది ఆ గీతే. సస్క్వెహానా అనే ట్రేడింగ్ సంస్థ కొత్తవాళ్ల శిక్షణలో పోకర్ ఆడిస్తుందన్నది ఆ రంగంలో అందరికీ తెలిసిందే.

ఇక మీ భయం. అబ్బాయి ఓడిన సంగతి మీ ముఖం మీదే చెప్పాడు. వ్యసనంలో పడ్డవాడు ముందు దాచేది అదే. అప్పులు చేస్తున్నా, పోయింది రాబట్టాలని రాత్రంతా ఆడుతున్నా, అబద్ధాలాడుతున్నా నా దగ్గరకు కాదు, మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే నిశ్చింతగా పడుకోండి. ఇంకోసారి వాడి గెలుపు డబ్బుతో మాత్రం ఏమీ కొనిపించుకోకండి. మీ కారు వాడి బ్యాంక్‌రోల్‌లోంచి, అంటే ఆటకని పక్కన పెట్టుకునే డబ్బులోంచి, వచ్చిందే, పోయిన నెల వాడికి అదే తక్కువైంది.

ఇంటర్వ్యూల్లో పోకర్ సంగతి దాచాల్సిన పనిలేదు. ఎంత గెలిచాడో చెప్పొద్దనండి. ఓడిన ఆ ఒక్క ఆటనే తీసుకుని, కాల్ ఎందుకు చేశాడో అంకెలతో సహా చెప్పమనండి. అంత పెద్ద టేబుల్‌లో ఎందుకు కూర్చున్నావని వాళ్లూ అడుగుతారు, ఆ జవాబు ముందే ఆలోచించుకుని వెళ్లమనండి.