దూలం కొన చూడకుండా పెంకులు దించకు

ఒరేయ్ చిన్నా,

తాతయ్య పెంకుటిల్లు విప్పేసి స్లాబ్ వేయిస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని నిచ్చెనెక్కు. దూలం మధ్యలో చూసి బాగానే ఉంది మామయ్యా అనకు, మధ్యలో చాలామటుకు బాగానే ఉంటుంది, పోయేది గోడలోకి దూరిన కొన. అక్కడ పొడిచి చూడు. గట్టిగా తగిలితే భయం లేదు, అంగుళం మెత్తగా దిగిందంటే ఆ దూలం పని అయిపోయినట్టే.

నేనూ దెబ్బతిన్నవాణ్ణే. మా పశువుల కొట్టానికి మద్ది దూలాలేసి, కొనల చుట్టూ సందు లేకుండా సిమెంటు కూరిపించి, ఎంత నున్నగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. ఏడో వానాకాలానికి ఒక కొన నానిన చెరకు పిప్పిలా చేతికొచ్చింది. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే కుళ్ళు పట్టదు, గోడ పీల్చిన నీళ్ళు ఆరే దారి లేకపోతే పడుతుంది. అందుకని కొన కింద రాతిపలక పెట్టించి, పక్కలా వెనకా అర అంగుళం ఖాళీ వదిలించు.

కొత్త దూలం వేస్తే నిలువుగా వేయించు. 3 అంగుళాలు, 6 అంగుళాల చెక్కని పడుకోబెట్టకుండా నిలబెడితే రెట్టింపు బరువు మోస్తుంది, వంగడం నాలుగో వంతుకి తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. ముడులున్న వైపు పైకి తిప్పించు, బరువు పడితే సాగేది అడుగు భాగం, చీలేదీ అక్కడే. ఫ్యాన్ కోసం అడుగున గాడి తీస్తానని ఎలక్ట్రీషియన్ అంటాడు, చచ్చినా ఒప్పుకోకు.

టేకులో చేవ చూసుకో, అంచున తెల్లచెక్క వదిలేశారంటే చెదలకి విందే. తాడికి ఇది తలకిందులు, గట్టిదనమంతా బెరడు వైపు, లోపల మెత్తటి పీచు. మన పాత వాసాలు లోపల దొలిచి ఉండేది అందుకే, పుచ్చాయనుకుని పారేసేవు.

నిప్పంటుకుంటే ఎలా అని అమ్మాయి టెన్షన్ పడుతోందట. లావు దూలానికి పైన బొగ్గు కడుతుంది, ఆ బొగ్గే లోపలికి వేడి పోనివ్వదు, నిమిషానికి మిల్లీమీటరు కూడా కాలదు. నార్వేలో 2019లో 18 అంతస్తుల భవనాన్నే చెక్క దూలాలూ స్తంభాల మీద నిలబెట్టారు! మన ఇంట్లో భయపడాల్సింది ఆ పాత వైరింగ్‌కి, అది ఈ వారమే మార్పించు.

ఆదివారం నేనొచ్చేదాకా ఒక్క పెంకు కూడా దించొద్దు. నిచ్చెన ఎవరినైనా పట్టుకోమను, నీ మోకాలి సంగతి నాకు తెలుసు.

మామయ్య