బీటెక్ బిడ్డకు రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొనొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పాపకు నల్లగొండలో బీటెక్ సీఎస్‌ఈ సీటు వచ్చింది. కొత్త ల్యాప్‌టాప్ 48 వేలంటున్నారు. ఒక షాపాయన ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న, వాడినదాన్ని బాగుచేసిన రీఫర్బిష్డ్‌ది 19 వేలకే ఇస్తానంటున్నాడు. పత్తి పైసలు ఇంకా చేతికి రాలేదు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోండన్నా. సీ, పైథాన్, జావా నేర్చుకోవడానికి 48 వేల మెషీన్ అక్కర్లేదు. దానికోసం మిత్తికి పైసలు తేవడం అసలే వద్దు. కంపెనీలు వాడి తీసేసిన డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్ లాంటివి గట్టిగానే ఉంటాయి.

కానీ 'ఐ5' అన్న ఒక్క మాట నమ్మి పైసలు కట్టకండి. ఇంటెల్ ప్రాసెసర్లకు ఐ5 పేరు 2009 నుంచీ ఉంది. పూర్తి నంబర్ అడగండి. ఐ5-8250యూ అంటే ఎనిమిదో జనరేషన్, ఐ5-10210యూ అంటే పదోది, ఐ5-6300యూ అయితే ఆరోది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఐ5లో విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే. ఆరోదాంట్లో కూడా ఎలాగో ఎక్కించి చూపిస్తారు, మోసపోకండి. నాలుగేళ్ల చదువుకు ఆ మెషీన్ నేనైతే కొననివ్వను.

తర్వాత బ్యాటరీ. షాపులోనే విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీయమనండి. డిజైన్ కెపాసిటీ (కొత్తప్పుడు పట్టేది) 50,000 ఉండి, ఫుల్ ఛార్జ్ (ఇప్పుడు పట్టేది) 25,000 చూపిస్తే సగం ప్రాణం పోయినట్టే. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. స్టోరేజ్ పాత హార్డ్ డిస్క్ కాదు, ఎస్‌ఎస్‌డీయే ఉండాలి. ర్యామ్ 16 జీబీకి పెంచుకునే వీలుందో కనుక్కోండి, ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేటప్పుడు 8 చాలదు.

నా దగ్గరికొచ్చిన ఒక పిల్లాడు విండోస్ రీసెట్ చేస్తే, పాత కంపెనీ లాగిన్ అడుగుతూ స్క్రీన్ అక్కడే ఆగిపోయింది. పరీక్షల ముందు వాడు పడ్డ తిప్పలు చూసి కడుపు తరుక్కుపోయింది. అందుకే మీ కళ్ల ముందే ఇంటర్నెట్ పెట్టి రీసెట్ చేయించండి. బయోస్‌కు (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌కు) పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూడండి. బిల్లు, రాతపూర్వక వారంటీ లేకపోతే వెనక్కి వచ్చేయండి.

పాపను వెంట తీసుకెళ్లండి, వాడేది తనే కదా. ప్రతి కీ నొక్కి చూడనివ్వండి. ప్రాసెసర్ నంబర్, బ్యాటరీ రిపోర్ట్ ఫొటో తీసి, అడ్వాన్స్ ఇవ్వకముందే నాకు పంపండి.