డ్రైనేజీలోకి చెట్ల వేళ్ళు దూరిన ఇల్లు అంటగట్టారు... రిజిస్ట్రేషన్ రద్దవుతుందా?

ప్రశ్న: మేము హైదరాబాద్ నాగోలులో 2023 నవంబరులో ఒక పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. నా పీఎఫ్ డబ్బు, మా ఆవిడ నగలు, బ్యాంకు లోను అన్నీ అందులోనే పోశాం. ప్రహరీ వెంట గుబురుగా ఉన్న కోనోకార్పస్ చెట్లు చూసి ముచ్చటపడ్డాం. 2024 జులై వానలకు బాత్రూముల్లోకి మురుగు ఎదురు తన్నింది. ప్లంబర్ వచ్చి డ్రైనేజీ చాంబర్ మూత తీస్తే లోపలంతా జడలా అల్లుకుపోయిన వేళ్ళు. వాటిని తీయించి చెత్తబండిలో వేశాం, ప్లంబర్ నగదు తీసుకున్నాడు, బిల్లు అడగలేదు. సంపు గోడ కూడా చీలింది. అమ్మినాయనకు చెబితే ‘మేమున్నప్పుడూ రెండుసార్లు తీయించాం, అదే ప్లంబర్‌ని పిలవండి’ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. డబ్బు సంగతి ఎత్తితే మాత్రం ‘చూసుకునే కదా కొన్నారు’ అన్నాడు. ఇప్పుడేమో ‘కొన్నాళ్ళాగండి, ఎంతో కొంత సర్దుతా’ అంటున్నాడు. రిజిస్ట్రేషన్ రద్దు చేయించవచ్చా? బ్రోకరేమో చెట్లు కొట్టేసి, చాంబర్ మీద టైల్స్ వేయించి ఇంకొకరికి అమ్మేయమంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: నగలు, లోను సంగతి కోర్టు చూడదు. మీ ఉత్తరంలో యథాలాపంగా రాసిన ఒక్క మాట మీదే మీ కేసు ఆధారపడి ఉంది: ‘మేమున్నప్పుడూ రెండుసార్లు తీయించాం.’

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షన్ అమ్మేవారి మీద ఒక బాధ్యత పెట్టింది. ఆస్తిలో ముఖ్యమైన లోపం ఉండి, అది తనకు తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా వారికి కనబడనిదైతే, అమ్మేవారు దాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోతే మోసం కిందే లెక్క అని ఆ సెక్షనే అంటోంది. ‘చూసుకునే కొన్నారు’ అన్న మాట చెట్ల వరకే చెల్లుతుంది. చెట్లు మీకు కనబడ్డాయి. మూత కింద, పైపు లోపల ఉన్న వేళ్ళు కనబడలేదు. అవి ఉన్నాయని ఆయనకు తెలుసు. ఆ తెలుసు అన్నదాన్ని రుజువు చేయడమే కష్టం, అది ఆయనే తన నోటితో మీకు పంపించాడు.

అవతలి వకీలు ఏమంటాడో కూడా వినండి. కోనోకార్పస్ వేళ్ళు నీటి పైపుల్లోకి, డ్రైనేజీలోకి చొరబడతాయని పేపర్లన్నీ రాశాయి, గుజరాత్ ప్రభుత్వం 2023లో ఈ మొక్కలు నాటడాన్నే నిషేధించింది, కాబట్టి మీరే జాగ్రత్త పడాల్సింది అంటాడు. అదే నోటితో, మన నగరంలో రోడ్ల మధ్య కూడా నాటిన చెట్టే కదా, దీనివల్ల ప్రమాదమని నా క్లయింటుకేం తెలుసు అనీ అంటాడు. రెండో వాదనకు వాయిస్ మెసేజ్ చాలు. మొదటిదానికి, కొనేటప్పుడు చాంబర్ ఏ స్థితిలో ఉందో సాక్ష్యం కావాలి. దాని మీద సిమెంటు పూతో, కొత్త టైల్సో ఉన్నాయా? పాత ఫొటోలు వెతకండి. అమ్మినాయన అప్పట్లో పని చేయించిన ఆ ప్లంబర్ పేరు, నంబరు రాసిపెట్టుకోండి, మీకు ప్రధాన సాక్షి ఆయనే. మురుగు పొంగినప్పుడు పాత యజమాని జలమండలికి 155313లో ఫిర్యాదు చేసి ఉండవచ్చు. ఆ ఇంటి క్యాన్ నంబరు (జలమండలి బిల్లు మీద ఉండే ఖాతా నంబరు) మీద 2023 నవంబరుకు ముందు వచ్చిన మురుగు ఫిర్యాదుల వివరాలు కావాలని సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి.

ప్లంబర్‌కు నగదు ఇచ్చి బిల్లు తీసుకోలేదనీ, తీసిన వేళ్ళు చెత్తబండిలో వేశామనీ రాశారు. లక్షల మీద గొడవ నడుస్తుంటే సాక్ష్యాన్ని చేతులారా పారేస్తారా? జరిగిందేదో జరిగింది. ఆ వాయిస్ మెసేజ్ వచ్చిన ఫోన్‌ను మాత్రం అమ్మొద్దు, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి ‘కాపీ ఉందిలే’ అనుకోవద్దు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కింద, ఆ మెసేజ్‌ను కోర్టులో సాక్ష్యంగా పెట్టేటప్పుడు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి.

ఇక గడువు. ఇలాంటి దావాకు మూడేళ్ళు. మోసాన్ని దాచినప్పుడు, అది బయటపడిన రోజు నుంచి లెక్కించాలని లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఆ లెక్కన 2027 జులై వరకు ఉంది. కానీ శ్రద్ధ పెడితే ముందే తెలిసేదని అవతలివాళ్ళు రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్కిస్తారు. ఆ వాదన మీద ఏళ్ళ తరబడి కొట్లాడటం దేనికి? 2026 నవంబరు లోపే దావా వేయండి. ‘సర్దుతా’ అని ఆయన నోటిమాటగా ఎన్నిసార్లు అన్నా గడువు ఒక్క రోజు పెరగదు. మీరు పంపే లీగల్ నోటీసు వల్లా పెరగదు. గడువు లోపల బాధ్యత ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితేనే కొత్తగా లెక్క మొదలవుతుంది.

రిజిస్ట్రేషన్ రద్దు వైపు వెళ్ళమని నేను చెప్పను. ఆస్తి విలువ మీద కోర్టు ఫీజు కట్టాలి, పైగా లోపం తెలిశాక కూడా మీరు అందులోనే కాపురం ఉంటున్నారు. నష్టపరిహారానికి దావా వేయండి. పైపులైను మార్చడానికి, సంపు కట్టడానికి, చెట్లు వేళ్ళతో సహా తీయించడానికి అయ్యే ఖర్చును సివిల్ ఇంజినీరుతో అంచనా వేయించండి. అమ్మినాయన బిల్డర్ కాదు, తానుంటున్న ఇల్లు అమ్ముకున్నాడు, కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళితే కాలం వృథా.

బ్రోకర్ మాట అసలు వినొద్దు. ఈ రోజు మీరు వాది. టైల్స్ కింద దాచి సేల్ డీడ్ మీద సంతకం పెట్టిన రోజు, అదే 55వ సెక్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది. అప్పుడు ఆ వాయిస్ మెసేజ్, లోపం మీకు తెలుసనడానికి సాక్ష్యమవుతుంది. చెట్లు రాత్రికి రాత్రి కొట్టేస్తే మీ సాక్ష్యమూ వాటితో పోతుంది. మీ ప్రహరీ లోపలి చెట్లే అయినా, వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది కనుక అటవీ శాఖకు దరఖాస్తు పెట్టకుండా నరకొద్దు. అందుకే దావాతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని అడగండి. కమిషనర్ వచ్చి చాంబర్ తెరిపించి, ఫొటోలు తీసి, కోర్టుకు రిపోర్టు ఇచ్చాకే చెట్లు, పైపుల పని పెట్టుకోండి. ఈలోగా మురుగు పొంగితే తాత్కాలికంగా శుభ్రం చేయించి, ప్రతిసారీ వీడియో తీసి బిల్లు తీసుకోండి. తర్వాత ఇల్లు అమ్మాలనిపిస్తే నిరభ్యంతరంగా అమ్ముకోండి, కాకపోతే జరిగినదంతా అగ్రిమెంటులో రాయించి అమ్మండి.

ముందు లాయరు ద్వారా 15 రోజుల గడువుతో నోటీసు ఇప్పించండి. ఆయన రాజీకి వస్తే మంచిదే. ఎంత ఇస్తాడో, ఏ తేదీకి ఇస్తాడో స్టాంపు పేపరు మీద రాయించి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టించుకోండి. డబ్బు మీ ఖాతాలో పడేదాకా ‘ఇక క్లెయిమ్ లేదు’ అన్న కాగితం మీద మీరు సంతకం చేయొద్దు.