గాజువాక నుంచి విజయవాడకు: కారా, రైలా?

ప్రశ్న: మాది గాజువాక. అత్తగారు, మామగారు విజయవాడలో ఉంటారు. నెలకోసారి పిల్లలిద్దరితో (9 ఏళ్లు, 4 ఏళ్లు) కలిసి వెళ్తాం. మధ్యలో ఇంకోసారి మావారు ఒక్కరే వెళ్లొస్తారు. మాకు పెట్రోలు కారుంది, దాని లోన్ తీరిపోయింది. రైలైతే మాకు రానూపోనూ టికెట్లకు నాలుగు వేలు అవుతుంది. కారే హాయి అని నేను, రైలే చవక అని ఆయన. కానీ ఒక్కరే వెళ్లేటప్పుడు, టికెట్ దొరకలేదంటూ ఆయనే కారు తీస్తారు! పది లక్షలు లోన్ తీసుకుని పెద్ద కారు కొనాలని కూడా ఆలోచన. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ వారి ప్రయాణం సంగతి చూద్దాం. డబ్బు కారిపోతున్నది అక్కడే.

కారున్నవాళ్లు చాలామంది పెట్రోలు ఒక్కటే లెక్కేస్తారు. ఇంకొందరు ఇన్సూరెన్సు, కారు ధర అన్నీ కలిపేసి భయపడతారు. రెండూ సరికాదు. మీ కారు ఇంటి ముందే ఉన్నా ఇన్సూరెన్సు కట్టాల్సిందే, కాబట్టి దాన్ని వదిలేయండి. ఈ ప్రయాణం వల్ల కొత్తగా అయ్యే ఖర్చే చూడాలి. విజయవాడ దాదాపు 350 కిలోమీటర్లు, రానూపోనూ 700. లీటరుకు 16 కిలోమీటర్లు, పెట్రోలు 110 రూపాయలు అనుకుంటే 4,800 రూపాయలు. టైర్లు, సర్వీసింగ్ అరుగుదలకు నేను కిలోమీటరుకు 2 రూపాయలు వేస్తాను, అది 1,400. టోల్ కాకుండానే 6,200 అయింది. అదే రైల్లో ఆయన ఒక్కరికీ మీరు చెప్పిన లెక్కన 1,300 చిల్లర. నెలకు ఐదు వేల తేడా, ఏడాదికి 60 వేలు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ మీకు దగ్గర్లోని దువ్వాడలో ఆగుతుంది కాబట్టి ఆయన విశాఖ స్టేషన్ దాకా పోనక్కర్లేదు కూడా.

టికెట్ దొరకడం లేదంటే ఆలస్యంగా చూస్తున్నారన్నమాట. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంతకుముందు 120 రోజులు ఉండేది. నెలనెలా వెళ్లేవారికి తేదీలు ముందే తెలుస్తాయి. సంక్రాంతికి జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13 పొద్దున్న 8 గంటలకు సిద్ధంగా ఉండాలి. తత్కాల్‌ని నమ్ముకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

నలుగురూ వెళ్లేటప్పుడు మీ మాట కొంత నిజమే. రైలు ఇప్పటికి చవకే, కానీ ఆ నాలుగు వేలలో చిన్నపిల్లకు టికెట్ లేదు. ఐదు నిండాక ఆమెకూ సీటు కావాలంటే పూర్తి చార్జీయే, అంటే 5,300 అవుతుంది. ఆటోలు కలిపితే తేడా బాగా తగ్గిపోతుంది. అప్పుడు సామాను, పిల్లల అవస్థ చూసి కారు తీస్తే నేను అడ్డు చెప్పను. కాకపోతే టోల్ ఎంతవుతోందో మీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. 2025 ఆగస్టు 15న వచ్చిన ఏడాది పాస్ అప్పట్లో 3,000 రూపాయలు, 200 సార్లు గేటు దాటొచ్చు, అంటే గేటుకు 15. వెంపాడు, కృష్ణవరం, కలపర్రు అంటూ నెలనెలా ఇన్ని గేట్లు దాటేవారికి అది త్వరగానే గిట్టుబాటవుతుంది.

పెద్ద కారు మాత్రం ఈ ప్రయాణం కోసమే అయితే వద్దు. పది లక్షలకు 9 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెల కిస్తీ 20,758 రూపాయలు. వడ్డీయే దాదాపు రెండున్నర లక్షలు. నెలకు ఒక్కసారి విజయవాడ కోసమంటే, పెట్రోలు పోయకముందే ఒక్కో ట్రిప్పుకు ఇరవై వేలు పడుతున్నట్టు. ఏడాదికి కట్టే కిస్తీల్లో నాలుగో వంతుతో ఏడాదికోసారి నలుగురూ ఎక్కడికైనా హాయిగా తిరిగి రావచ్చు.

మీరు అడగకపోయినా ఒక్క మాట. కారుకు తప్పనిసరి అయిన 15 లక్షల ప్రమాద బీమా సొంతదారు అయిన డ్రైవరుకే. పక్కన కూర్చున్న మీకూ వెనుక ఉన్న పిల్లలకూ కాదు. ప్రయాణికుల కవర్ విడిగా అడిగి తీసుకోవాలి. ఐఆర్‌సీటీసీలో అయితే టికెట్ కొనేటప్పుడు మనిషికి రూపాయి లోపు చార్జీతో 10 లక్షల వరకూ బీమా వస్తుంది, కానీ అది ఎంచుకున్నారో లేదో చూసుకోవాలి. టికెట్ లేని మీ చిన్నపిల్లకు అది వర్తించదు. కారు పాలసీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఏజెంటును ప్రయాణికుల కవర్ గురించి అడగండి.