‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తే

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో చెప్పకుండా కాగితం మీద రాసినందుకు సంబరపడ్డాను. రెండో పేజీకి వచ్చేసరికి అక్షరాలు కూడా కోపంతో వంకర్లు పోయాయి. సోమవారం కలెక్టరేటుకు పోయి, మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడి అర్జీ ఇచ్చావు. కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది. మీ ఊరి ఆరోగ్య సబ్‌సెంటరు తాళం అలాగే ఉంది. మీ వీధి చివర సుంకులమ్మ గుడి పక్కన నువ్వు రాసిన ఆ అక్క ఇల్లు బేస్‌మెంటు దగ్గరే నిలిచిపోయి, రాళ్ల మధ్య గడ్డి మొలిచింది.

నాకూ అలాంటి జవాబులు చాలానే వచ్చాయి, మెసేజ్‌లు లేని కాలంలో పోస్టు కార్డు మీద. కానీ నువ్వు పంపిన జిరాక్సు చూశాక ఒక మాట చెప్పాలి, అలగొద్దు. ఆ అర్జీ నా టేబుల్ మీదికి వచ్చినా నేనూ మూసేసేదాన్నే.

ఒక్క కాగితంలో ఐదు సంగతులు కుక్కావు. ఇంటి బిల్లు, సబ్‌సెంటరు, ఇద్దరు అవ్వల పింఛను, రేషన్ బియ్యం తూకం, లేఅవుట్‌లో నీళ్లు. అది ఇళ్ల పనులు చూసే ఇంజనీరు, హౌసింగ్ ఏఈ చేతికి పోయినా, మెడికల్ ఆఫీసర్ చేతికి పోయినా, అందులో అయిదో వంతే వాళ్లది. ఆ ముక్కకు రెండు లైన్ల జవాబు రాసేస్తే వాళ్ల పని అయిపోతుంది. ఇకనుంచి ఒక అర్జీకి ఒక్కటే సంగతి. ఎవరిది, ఎప్పటినుంచి, ఏ కార్డు నంబరు, ఏం కావాలి. అరపేజీ దాటకూడదు. రసీదు చేతికి రాకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు. ఎలాగూ అలవాటే కదా అని ‘ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులు’ అని మొదలుపెట్టావు చూడు, అది కొట్టేయ్. ఆ లైను చదివే సరికే గుమస్తాకు ఆవులింత వస్తుంది.

ముందు ఆ అక్క ఇంటి సంగతి పట్టుకో. అది కేంద్రం గ్రామీణ ఆవాస్ యోజన కింద వచ్చిందని రాశావు. మన మైదాన ప్రాంతంలో ఆ పథకం ఇంటికి ఇచ్చేది 1.20 లక్షలు, 60 పాళ్లు కేంద్రం, 40 పాళ్లు రాష్ట్రం. ఇల్లు లేచేకొద్దీ ఫొటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు, దాన్నిబట్టి విడతలుగా ఖాతాలో పడుతుంది. బిల్లు ఆగిందంటే నాలుగు చోట్లలో ఎక్కడో ఆగి ఉంటుంది. ఫొటో ఎక్కించలేదు, లేదా ఎక్కింది కానీ పైవాళ్లు ఒప్పుకోలేదు, లేదా ఆమె ఆధార్ వేరే బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంది, లేదా అసలు పైనుంచి డబ్బే రాలేదు. మొదటి మూడూ మండలంలో తేలిపోతాయి. నాలుగోదైతే ఏఈ మీద అరిచి లాభం లేదు, ఆయన దగ్గర తాళంచెవే లేదు. అది ఎమ్మెల్యేను అడగాల్సిన ప్రశ్న. కేంద్రం వాటా ఏ తేదీన వచ్చింది, రాష్ట్రం వాటా ఎప్పుడు కలిసింది అని తేదీలు అడిగితే ‘వాళ్లివ్వలేదు, వీళ్లివ్వలేదు’ అనే ఆట ఆడటం కష్టమవుతుంది.

ఆ తేదీలు తెప్పించుకోవడానికే సమాచార హక్కు చట్టం. 2005 నుంచీ ఉంది, ఇప్పటికీ చాలామంది దాన్ని అధికారులను తిట్టడానికే వాడుకుంటున్నారు. ‘ఎందుకు బిల్లు ఇవ్వలేదు?’ అని అడగొద్దు. ఎందుకు అనేది రికార్డులో ఉండదు, కాబట్టి ‘సమాచారం లేదు’ అని హాయిగా రాసేస్తారు. ఫలానా పంచాయతీలో మంజూరైన ఇళ్ల జాబితా, ఒక్కో ఇంటికి నమోదైన దశ, విడుదలైన సొమ్ము, తేదీ, వాటి నకళ్లు కావాలని అడుగు. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. పేదరికపు రేఖ కింద ఉన్నట్టు రుజువు పెడితే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రాణం మీదికి వచ్చిన సంగతైతే 48 గంటలు. రాకపోతే మొదటి అప్పీలు అదే శాఖలో పై అధికారికి, తర్వాత సమాచార కమిషన్‌కు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. కమిషన్ దాకా పోతే ఏళ్లు పడుతుంది, నిజమే. కానీ చాలాసార్లు మొదటి అప్పీలు కాగితం అందగానే ఫైలు కదులుతుంది.

ఇంకొకటి చాలామందికి తెలీదు. నకళ్లు అడగడమే కాదు, ఆఫీసుకు పోయి రిజిస్టరు చూస్తామని, పని జరిగిన చోటు తనిఖీ చేస్తామని కూడా అదే చట్టం కింద అడగొచ్చు.

కాగితం చేతికొచ్చాక అసలు పని మొదలు: అందులో రాసింది ఊళ్లో నిజమో కాదో చూడటం. అది నేను ఉపాధి హామీ పనుల్లో నేర్చుకున్నాను. ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలుపెట్టారు. పనుల లెక్క గ్రామసభే చూడాలని ఆ చట్టం 17వ సెక్షన్‌లో రాశారు. చాలా రాష్ట్రాలు ఆ సెక్షన్‌ను పట్టించుకోని రోజుల్లో మన రాష్ట్రం సామాజిక తనిఖీని, అంటే ఊరి జనం ముందే పనుల లెక్క సరిచూడటాన్ని, నిజంగా నడిపింది. నేను ఆ తనిఖీలకు పోయినప్పుడు మొదట నేర్పింది లెక్కలు కాదు, ఎవరింట్లో తినకూడదో. సర్పంచి ఇంట్లో వద్దు, ఊళ్లో కూలీలకు పని చెప్పే ఫీల్డ్ అసిస్టెంట్ ఇంట్లో వద్దు, కాఫీ కూడా వద్దు. బడిలో పడుకుని, కూలీల ఇళ్లలో ఏం పెడితే అది తిన్నాం. ఒక ఊళ్లో మూడు రోజులూ రాగిసంగటి, ఊరిబిండి. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

కూలీల హాజరు రాసే మస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. ‘అవ్వా, డబ్బులు వచ్చినాయా?’ అంటే ఏ అవ్వైనా ‘వచ్చినాయి తల్లీ’ అంటుంది. వచ్చినవాళ్ళను పంపించెయ్యడానికి అది సులువైన మాట. అలా అడగకూడదు. గుంతలు తవ్వింది ఉగాదికి ముందా తర్వాతా? పక్కన ఎవరు పనిచేశారు? కొలత ఎవరేశారు? పాస్‌బుక్కు ఎవరి దగ్గరుంది? ఈ నాలుగో ప్రశ్న దగ్గర గొంతు తగ్గిందంటే అక్కడే ఆగి కూర్చోవాలి. పాస్‌బుక్కు ఆమె పెట్టెలో లేదంటే, డబ్బు కూడా ఆమె చేతికి రానట్టే. ఇళ్ల విషయంలోనూ ఇంతే. ఒకచోట కాగితం మీద స్లాబు పడిపోయిన ఇల్లు వెతుక్కుంటూ పోతే పునాది గుంతలో మేకపిల్లలు పడుకుని ఉన్నాయి. ఎక్కించిన ఫొటో పక్క వీధి ఇంటిది.

ఇప్పుడు నేను ఎవరికీ పెద్దగా చెప్పని సంగతి. ఒక మండలంలో ప్రజావేదిక పెట్టాం, తనిఖీలో తేలింది అందరి ముందూ చదివే సభ. ఇంటి దగ్గర ఒక ఒంటరి ఆడమనిషి అంతా చెప్పింది, తన పేరున ఎన్ని రోజులు రాసుకున్నారో, ఎంత ఇచ్చారో. నేను పొంగిపోయి ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టాను. మైకు చేతికిచ్చేసరికి ‘నాకేం తెలీదు, అంతా బాగుంది’ అంది. నాకు ఒళ్లు మండింది. బయటికొచ్చాక విసుక్కున్నాను కూడా. ఆమె అన్నది ఒకటే: ‘నువ్వు రేపు బస్సెక్కి పోతావు. నాకు రేపు పని చెప్పేది ఆ ఫీల్డ్ అసిస్టెంటే.’ మైకు పట్టుకుని ఏమీ అనకపోయినా, ఆ మనిషికి తర్వాత వారాల తరబడి పని చెప్పలేదని తెలిసింది. ఆమెను ముందు కూర్చోబెట్టింది నేను.

అందుకే ఆ అక్కను ఒంటరిగా కలెక్టర్ ముందు నిలబెట్టకు. అలాంటి బేస్‌మెంటు ఇళ్లు మీ ఊళ్లో ఇంకెన్నున్నాయో ముందు లెక్కపెట్టు. పదిమంది ఉంటే పదిమందీ పోవాలి. దరఖాస్తు కూడా నీ ఒక్కదాని పేరుతో వేయొద్దు, నలుగురు వేరువేరు పేర్లతో అదే సమాచారం అడగండి. గిర్ అడవి చుట్టూ అక్రమ గనుల మీద సమాచారం అడిగిన అమిత్ జెఠ్వాను 2010లో గుజరాత్ హైకోర్టు ఎదుటే కాల్చి చంపారు. మీ ఊరి ఇంటి బిల్లు అంత దూరం పోదులే, భయపెట్టడానికి రాయలేదు. కానీ కాగితాల నకలు రెండిళ్లలో ఉండాలి, నీ బ్యాగులో మాత్రమే కాదు.

సబ్‌సెంటరుకు తాళం అని రాశావు, ఎన్ని రోజులు? నీకే సరిగ్గా తెలీదు. ఎదురుగా టీ బంకు ఉందన్నావు కదా, అక్కడ ఒక క్యాలెండర్ వేలాడదీసి తెరిచిన రోజు టిక్కు, మూసిన రోజు ఇంటూ పెట్టమను. నెలయ్యాక ఫొటో తీసి మెడికల్ ఆఫీసర్‌కిచ్చి రసీదు తీసుకో. మైదానంలో 5,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000కు ఒక సబ్‌సెంటరు ఉండాలని కట్టడి. సబ్‌సెంటరులో ఉండే నర్సమ్మ, మీ ఏఎన్ఎం ఎంతమందిని చూస్తోందో, రెండో పోస్టు ఖాళీగా ఉందేమో కనుక్కోకుండా ఆ పిల్లను తిడుతూ వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టకు. ఆమె సెలవు పెట్టి పోతే ఉన్న టీకాలూ ఆగిపోతాయి. పోస్టు నింపాల్సింది ఆమె కాదు.

లేఅవుట్ సంగతికి ఒక్కమాటే. ఇళ్ల స్థలాలకు సెంటున్నర పట్టాలు ఎన్నిచ్చారో ప్రభుత్వమే చెప్పుకుంది. నువ్వు సాయంత్రం ఏడింటికి పోయి ఎన్నిళ్లలో దీపం వెలుగుతోందో లెక్కపెట్టు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి గ్రామసభలో తీర్మానం పుస్తకంలోకి ఎక్కించు. కార్యదర్శి సభ అయిపోయాక రాస్తానంటాడు. రాసేదాకా కూర్చోండి, రాశాక చదివించుకుని అప్పుడు సంతకాలు పెట్టండి. ఖాళీ పేజీ కింద వేలిముద్రలు మన ఊళ్లలో మామూలే.

వచ్చే సోమవారం కలెక్టరేటుకు పోవద్దు. ముందు ఆ బేస్‌మెంటు ఇళ్లన్నీ తిరిగి రా, ఒక్కొక్కరి పాస్‌బుక్కు చివరి పేజీ జిరాక్సు తెచ్చుకో. ఆదివారం ఇక్కడికి రా, అర్జీలు ఇద్దరం కలిసి రాద్దాం. వచ్చేటప్పుడు కార్బన్ పేపర్లు దొరికితే తీసుకురా, ఇక్కడి షాపులో ఇప్పుడు పెట్టడం లేదంట.

మీ పెద్దమ్మ