నాన్న జ్ఞాపకార్థ కూడికలో ఏం మాట్లాడాలి? నేను చెప్పకుండా దిగిపోయినవి

"నాన్న పోయి నెలైంది, వచ్చే ఆదివారం జ్ఞాపకార్థ కూడిక, పెద్దకొడుకుగా పది నిమిషాలు మాట్లాడమన్నారు, ఆయన బాప్టిస్టు, రైతు. భక్తిపరుడు, కష్టజీవి, మంచి తండ్రి అన్నాక నాకింకేం తోచట్లేదు" అని రాశారు కదా. సరిగ్గా ఆ మూడు ముక్కలే నేను 2019లో మా నాన్న కూడికలో చెప్పి దిగిపోయాను. అందుకే రాస్తున్నా.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా గుంటూరు జిల్లా అనే వస్తుంది. షామియానా కింద రెండొందల మంది, అందరికీ ఆయన తెలుసు. నేను చెప్పినదాంట్లో వాళ్లకు తెలియనిది ఒక్కటీ లేదు, వాళ్లకు తెలిసినదాంట్లో సగం నేను చెప్పలేదు. భోజనాల దగ్గర, మా చేలో పాతికేళ్లు మిరపకాయలు కోసిన ఒకామె విస్తరి చేతిలో పట్టుకునే వచ్చి "ఏం అబ్బాయ్, ఎవరికైనా సరిపోయే మాటలు చెప్పావే, మా కూలి డబ్బుల సంగతి చెప్పలేదేం?" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కూలి డబ్బుల సంగతి ఏంటంటే, గుంటూరు మిర్చి యార్డుకి కాయ తోలి డబ్బు చేతికి రాగానే మామూలుగా ఎవరైనా ముందు పురుగుమందుల కొట్టు బాకీ కడతారు, ఎందుకంటే మళ్లీ అప్పు పుట్టేది అక్కడే. మా నాన్న బస్సు దిగి ఇంటికి కూడా రాకుండా కూలీల ఇళ్లకు పోయేవాడు. ఒక్కో గుమ్మం ముందు నిలబడి, ఎన్ని రోజులు కోశారో వాళ్ల చేతే లెక్క చెప్పించి ఇచ్చేవాడు. ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది. జేబులో మిగిలింది చూసి అమ్మ ఏమీ అనేది కాదు, గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టేది.

కల్లంలో కూడా అంతే. మిరపకాయ ఆరాక తెల్లబడ్డ తాలు కాయ వేరే ఏరతారు, దానికి రేటు రాదు. సంచి మధ్యలో రెండు గంపల తాలు దాచేయడం, తూకం కోసం కాస్త నీళ్లు చిలకరించడం... చేసేవాళ్లు చేస్తారు. ఈయన చెయ్యడు. సరే, చెయ్యకపోతే ఏమైనా ఒరిగిందా అంటే అదీ లేదు. యార్డులో కొనేవాడు సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, నాలుగు కాయలు విరిచి చూసి, పక్క రైతుకి రాసిన ధరే రాసేవాడు. ఇంటర్ చదివే రోజుల్లో నేను వెంట వెళ్లేవాణ్ణి, నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం టీ తాగి "పద, బస్సు పోద్ది" అనేవాడు. ఇలాంటివి చెప్పేటప్పుడు చివర్లో దేవుడు రెట్టింపు ఇచ్చాడు అని కలపకండి. మా విషయంలో ఇవ్వలేదు మరి.

మీ నాన్నగారి లెక్కల పుస్తకాలు వెతకండి. రైతన్నాక ఏదో ఒకటి ఉంటుంది, డైరీయో, ఎరువుల కంపెనీ క్యాలెండరో. మా నాన్నవి పొడుగు నోటు పుస్తకాలు, అట్టకి పురికొస కట్టి ఉండేవి. ప్రతి పంటకి ఒక పేజీ: విత్తనం, దున్నకం, మందులు, కూలి, కౌలు. సొంతం రెండెకరాలే, మిగతా మూడు కౌలు. పేజీ అడుగున ఎప్పుడూ ఒకే మాట, "దేవునికి", దాని ఎదురుగా పదోవంతు. 1997-98 పత్తి సంగతి గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. శనగపచ్చ పురుగు ఏ మందుకీ చావలేదు, కొట్టిన మందుల అప్పులే మిగిలాయి, రైతులు ఆ మందే తాగి చనిపోయిన ఏడాది అది. ఆ ఏడు ఒక రాత్రి లాంతరు దగ్గర ఆయన లెక్క కూడుతుంటే (కరెంటు పోయింది, మామూలే) అమ్మ మంచం మీద నుంచి అడిగింది, "నష్టంలో దశమభాగం ఎంతయ్యా?" అని. ఆయన నవ్వలేదు. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని ఏదో రాసి మూసేశాడు. ఆయన పోయాక ఆ పేజీ తీసి చూశాను. "దే. బాకీ 600" అని ఉంది. ఆ 600 ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు, ఆ పేజీలో ఏ అంకెకీ అది పదోవంతు కాదు. రెండేళ్ల తర్వాత పుస్తకంలో "చెల్లు" అని కొట్టేసి ఉంది.

మీ నాన్నగారు తన మతం గురించి ఏం చెప్పేవారో అదీ గుర్తు చేసుకోండి, ప్రసంగాలు కాదు, అరుగు మీద కబుర్లు. మా నాన్న ఎవరు దొరికినా చెప్పే కథ ఒకటే. 1876-78 కరువులో ఒంగోలులో ఉండే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి ఇప్పించాడు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు (నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకోవడం) ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తెరిపినిచ్చాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా నాన్న ఇక్కడ ఆగి వేలెత్తి "ముంచింది దొర కాదు, మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని" అనేవాడు. బియ్యానికి మారినోళ్లు అని చిన్నప్పుడు బడిలో విన్న మాట ఆయన్ని ఎంత కోసిందో, ఈ కథ అన్నిసార్లు ఎందుకు చెప్పాడో నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. 1967లో సాగర్ నీళ్లు వదిలారు, అవి మా మేజరు కాలువ దాకా వచ్చాక ఆయన బాప్తిస్మం ఆ కాలువలోనే. "పొలానికీ నాకూ ఒకే నీళ్లు" అనేవాడు. కొంచెం గొప్ప కూడా ఉండేదిలెండి ఆ మాటలో.

ఇక అసలు చెప్పాల్సింది, నేను మైకు ముందు మింగేసింది, మా అమ్మ సంగతి.

గుంటూరులో ఎవరైనా క్రైస్తవులని తెలియగానే "ఏ మిషను?" అని, అంటే ఏ సంఘం అని అడుగుతారు. టౌనులో లూథరన్లే ఎక్కువ, 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చినప్పటి నుంచీ. మా అమ్మది ఆ సంఘం. పసిపిల్లగా ఉన్నప్పుడే నెత్తిన నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చారు. బాప్టిస్టులకు అది లెక్క కాదు, పెద్దయ్యాక తనంతట తాను ఒప్పుకుని నీళ్లలో మునగాలి. పెళ్లయి వచ్చాక మా సంఘ పెద్దలు మునగమన్నారు. ఆమె "నాకు ఒకసారి అయింది, దేవుడు మర్చిపోయాడా?" అంది, అంతే, ఇక కదల్లేదు. మునగనివాళ్లకు మా సంఘంలో ప్రభురాత్రి భోజనం, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, లేదు. నెల నెలా మొదటి ఆదివారం రొట్టె పళ్లెం ఆడవాళ్ల చాపల మీదుగా వస్తుంటే అమ్మ దాన్ని అందుకుని పక్కామెకు ఇచ్చేసేది. పదకొండేళ్లు. మా నాన్న అప్పటికి డీకను, అంటే సంఘ పనులు చూసే పెద్ద, ఆ పళ్లెం పట్టుకుని వచ్చేది ఆయనే. భార్య ముందుకొచ్చి, వంగి పళ్లెం అందించి, చూపు పక్కకి తిప్పుకుని దాటిపోయేవాడు. నేను ఆయన్ని క్షమించలేని విషయం ఏదైనా ఉందంటే అదే.

పన్నెండో ఏడు ఏమైందో ఎవరికీ తెలియదు, ఇంట్లో గొడవ కూడా జరగలేదు. ఒక ఆదివారం డీకను పని వద్దని పాస్టరు గారికి చెప్పి, ఇంటికొచ్చి, మరుసటి నెల మొదటి ఆదివారం పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని "నడవండి" అన్నాడు. బస్సెక్కి గుంటూరులో అమ్మ పుట్టింటి గుడికి తీసుకెళ్లాడు. అక్కడ అమ్మ ముందుకెళ్లి మోకరించి ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకుంది. ఆయన వెళ్లలేదు, ఆ పద్ధతి ఆయన మనసు ఒప్పలేదు. ఆఖరి బెంచీలో చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటి నుంచి ప్రతి నెలా అదే, మిరప కోతల్లో కూడా. ఊళ్లో కొందరు మాట్లాడటం మానేశారు, రెండేళ్లకు మళ్లీ మొదలెట్టారు. అమ్మ మునగనూ లేదు, ఆయన అడగనూ లేదు.

కూడికలో ఇది చెబితే సంఘం వాళ్లు నొచ్చుకుంటారని భయపడ్డాను. అమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. అయ్యాక ఆమె నాతో అన్నది ఇంతే: "గుంటూరు బస్సు సంగతి చెబుతావనుకున్నా."

కాబట్టి మీరు ఈ నాలుగు రోజుల్లో మీ అమ్మగారి దగ్గర ఒక పూట కూర్చోండి, ఆయన దగ్గర పనిచేసినవాళ్లను ఇద్దర్ని కలవండి, ఆయన మీకు కోపం తెప్పించిన విషయం ఒకటి ఉంటుంది, దాన్ని దాచకండి. రాసుకుని చదవడంలో తప్పేం లేదు. పది నిమిషాలంటే పాటలూ వాక్యమూ అయ్యేసరికి మీకు మిగిలేది ఆరే, కాబట్టి మీ నాన్నగారి అమ్మానాన్నల పేర్లు, ఎన్ని ఎకరాలు, ఎంతమంది మనవళ్లు అనేది పాస్టరు గారికి ముందే కాగితం మీద ఇచ్చేయండి, ఆయన చదువుతారు. ఇంకోటి, మైకు చేత్తో పట్టుకోకండి, స్టాండుకి పెట్టించండి. నా చెయ్యి వణికి ఆ మూడు ముక్కల్లో కూడా ఒకటి ఎవరికీ వినపడలేదు.