దిగేది రోమ్‌లో, తిరిగి ఎక్కేది పారిస్‌లో

చి. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. దసరా సెలవుల్లో మీ నలుగురూ యూరప్ వెళ్దామనుకుంటున్నారనీ, రోమ్‌లో మొదలుపెట్టి పారిస్‌లో ముగిద్దామంటే మనిషికి ఎనభై మూడు వేలు చూపిస్తోందనీ రాశావు. అంత ఎందుకైందో నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లోనే ఉంది. హైదరాబాద్ నుంచి రోమ్‌కి ఒక వన్‌వే, పారిస్ నుంచి హైదరాబాద్‌కి ఇంకో వన్‌వే విడివిడిగా వెతికి కూడావు. దూరప్రయాణాల్లో పెద్ద ఎయిర్‌లైన్స్ వన్‌వేని రానూపోనూ టికెట్‌లో సగం ధరకి అమ్మడం అరుదు. ఒక్కోసారి వన్‌వే ధర రానూపోనూ ధర దగ్గరదాకా పోతుంది. నీకు కావలసింది ఒకే టికెట్: వెళ్ళేది ఒక ఊరికి, వచ్చేది ఇంకో ఊరి నుంచి. టికెట్లవాళ్ళు దీన్ని ఓపెన్ జా అంటారు. సైట్లలో ‘మల్టీ సిటీ’ అనే చోట దొరుకుతుంది.

దీని ధర ఎలా కడతారో తెలిస్తే వెతకడం సగం తేలికవుతుంది. ఒకే ఎయిర్‌లైన్‌లో రోమ్ రానూపోనూ ధరలో సగం, పారిస్ రానూపోనూ ధరలో సగం కలిపితే ఎంతో, నీ ఓపెన్ జా టికెట్ ఇంచుమించు అంత ఉండాలి. పన్నుల దగ్గర కాస్త అటూ ఇటూ అవుతుంది. అందుకని మల్టీ సిటీతో మొదలుపెట్టకు. అక్కడ ఏ రోజు చౌకో చూపించే క్యాలెండర్ ఉండదు. ముందు గూగుల్ ఫ్లైట్స్‌లో మామూలు రానూపోనూ వెతుకు. తేదీల క్యాలెండర్ తెరిచి, సెలవులకి రెండు రోజులు ముందూ వెనకా ధర ఎలా మారుతోందో చూడు. చాలా టికెట్లలో సీజన్ రేటు నువ్వు బయల్దేరే తేదీని బట్టి ఉంటుంది కాబట్టి, తిరుగు తేదీ జరపడం కన్నా వెళ్ళే తేదీ ఒకటి రెండు రోజులు జరిపితేనే ఎక్కువ తేడా కనపడుతుంది. బడి మూసిన మర్నాడే ఎక్కాలని పట్టుబట్టకు.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసి రెండు వరసలు రాసుకో. ఇటలీ వైపు రోమ్, మిలన్, వెనిస్. ఇంకోవైపు పారిస్, జూరిక్, జెనీవా. ఒకే తేదీలకి, ఒకే ఎయిర్‌లైన్‌లో ఈ ఆరు ఊళ్ళకీ రానూపోనూ ధర చూసి, పక్కనే సగం వేసుకో. ఎమిరేట్స్, ఖతార్ ఈ ఆరు ఊళ్ళకీ తిరుగుతాయి. దుబాయ్, దోహా మీదుగా వెళ్ళేవాటితో ఓపెన్ జా బాగా కుదిరేది అందుకే: ఏ ఊళ్ళో దిగినా, ఏ ఊళ్ళో ఎక్కినా మధ్యలో మారే ఊరు అదే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా ధరలు కూడా ఇంకో పేజీలో రాసుకో. లుఫ్తాన్సా, స్విస్ ఒకే గ్రూపు కాబట్టి వెళ్ళేటప్పుడు ఒకటీ వచ్చేటప్పుడు ఇంకొకటీ ఒకే టికెట్ మీద వస్తాయి. ఎమిరేట్స్‌లో వెళ్ళి ఖతార్‌లో వద్దామంటే మాత్రం ఈ సగాల లెక్క పనిచేయదు.

లెక్క అర్థం కావడానికి ఊరికే కొన్ని అంకెలు వేస్తున్నాను, ఇవాళ్టి ధరలనుకోకు. రోమ్ 56,000, మిలన్ 50,000, పారిస్ 66,000 అనుకో. రోమ్‌లో దిగి పారిస్‌లో ఎక్కితే 28 ప్లస్ 33, అంటే 61,000 దగ్గర ఉండాలి. మిలన్‌లో దిగితే 58,000. మూడు వేలు మిగిలాయి కదా అని మిలన్ తీసుకోబోతావు, ఆగు. మిలన్ నుంచి రోమ్‌కి వేగమైన రైల్లోనే మూడు గంటలు. మళ్ళీ పైకి రావాలి. ఆ మిగిలిన మూడు వేలూ రైలుకే పోతాయి, పైగా పూట దండగ. అదే రోమ్ చూడకుండా వెనిస్, స్విట్జర్లాండ్ చాలనుకుంటే మిలనే మేలు. ఏ రెండు ఊళ్ళ జతకి తక్కువుందో చూడటంతోపాటు, ఆ జత మీ రైలుదారికి సరిపోతుందో లేదో కూడా చూడాలి. మీ దారి చక్కగా కుదిరింది: రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, అక్కడినుంచి వెనిస్ రెండు గంటలు, మిలన్ రెండున్నర, మిలన్ నుంచి జూరిక్ మూడుంపావు దాకా, జూరిక్ నుంచి పారిస్‌కి టీజీవీ అనే ఫ్రాన్స్ వేగపు రైల్లో నాలుగు గంటలు. ఎక్కడా వెనక్కి రానక్కర్లేదు.

ఓపెన్ జా ధర మామూలు రోమ్ రానూపోనూ కన్నా ఐదు వేలు ఎక్కువైనా నాకు అభ్యంతరం లేదు. పారిస్ నుంచి రోమ్‌కి వెనక్కి రావాలంటే నలుగురికి టికెట్లు, తక్కువధర విమానమైతే బ్యాగులకి వేరే డబ్బు, అటూ ఇటూ ఎయిర్‌పోర్ట్ రైలు, ఒక రాత్రి హోటలు. రోమ్‌లో ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి వచ్చే లియొనార్డో ఎక్స్‌ప్రెస్‌కే మనిషికి 14 యూరోలు. ఈ లెక్కంతా వేసి నాలుగుతో భాగించు. ఓపెన్ జాకి అదనంగా పడేది అంతకన్నా తక్కువైతే కళ్ళు మూసుకుని కొనేయొచ్చు.

ఆ తర్వాతే మల్టీ సిటీకి రా. మొదటి వరసలో హైదరాబాద్ నుంచి రోమ్, రెండో వరసలో పారిస్ నుంచి హైదరాబాద్. రోమ్ నుంచి పారిస్‌కి వరస వేయకు, అది మీరు నేల మీద చేసే ప్రయాణం. వెతకగానే మొదటి విమానం పక్కన 61,000 అని కనపడుతుంది. అది ఆ ఒక్క విమానం ధర అనుకుని గుండె జారేసుకునేవాళ్ళు చాలామంది. అది మొత్తం ప్రయాణానికి కనీస ధర. మొదటిది ఎంచుకున్నాక రెండోదాని జాబితా వస్తుంది, అక్కడ కనపడేదీ మొత్తం ధరే. రెండూ కూడకు.

సగాల లెక్క ప్రకారం 61 రావాల్సిన చోట 85 చూపిస్తే, ఏదో అతకలేదన్నమాట. ముందు రెండు విమానాలూ ఒకే ఎయిర్‌లైన్‌వో కాదో చూడు. కాకపోతే ఫిల్టర్‌లో ఒక్క ఎయిర్‌లైనే ఉంచు. అప్పటికీ తగ్గకపోతే ఆ ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో మల్టీ సిటీ వెతుకు, కొన్ని ధరలు అక్కడే సరిగ్గా కలుస్తాయి. అక్కడా అంతే ఉంటే ఆ రోజు ఒక వైపు చౌక సీట్లు అయిపోయాయని అర్థం, తేదీ ఒక రోజు జరుపు.

చౌక సీట్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు నలుగురు. ఒకే ఎకానమీ క్యాబిన్‌లో సీట్లని ధరని బట్టి అరలుగా విడదీసి, ఒక్కో అరకి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పెడతారు. అన్నిటికన్నా చౌక అరలో మూడు సీట్లే మిగిలాయనుకో. నువ్వు నలుగురికి వెతికితే సిస్టమ్ ముగ్గురికి ఆ ధరా, ఒకరికి పై ధరా వేయదు. నలుగురినీ పై అరలోకి ఎక్కిస్తుంది. అందుకని ఒకరికి, ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి విడివిడిగా వెతికి, ఎక్కడ ధర పెరిగిందో పట్టుకో. ఇద్దరిదాకా తక్కువుంటే, నువ్వూ పెద్దాడూ ఒక బుకింగ్, అల్లుడూ చిన్నదీ ఇంకో బుకింగ్. పిల్లల్ని మాత్రం పెద్దవాళ్ళు లేని బుకింగ్‌లో వేయకు. తర్వాత ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి రెండు పీఎన్‌ఆర్‌లూ కలిసి వెళ్తున్నవాళ్ళవని రాయించు.

దారి తిప్పి కూడా ఒకసారి చూడు: పారిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కడం. పన్నులు చాలావరకు ఎక్కే చోట పడతాయి. ఫ్రాన్స్‌లో 2025 మార్చి నుంచి 5,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి ఎకానమీలోనే మనిషికి 40 యూరోల పన్ను ఉంది. లండన్ అయితే ఇంకా ఘాటు. అక్కడ ఎక్కి ఇండియా వచ్చేవాళ్ళకి ఎకానమీలో 2025 ఏప్రిల్ నుంచి 90 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 102 పౌండ్లు. పదహారేళ్ళలోపు పిల్లలకి ఎకానమీలో ఇది లేదు. దిగినందుకు పన్ను లేదు, ఎక్కినందుకే. కాబట్టి ఎప్పుడైనా లండన్ కలపాలనిపిస్తే ప్రయాణం అక్కడే మొదలుపెట్టి, యూరోస్టార్ రైల్లో రెండుంపావు గంటల్లో పారిస్ చేరి, రోమ్‌లోనో జూరిక్‌లోనో విమానం ఎక్కండి. దీనివల్ల ఇంకో లాభం: లండన్‌కి వేరే వీసా ఎలాగూ కావాలి కానీ, దాన్ని మొదట పెడితే షెంగెన్‌లోకి, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లోకి, ఒకసారే అడుగుపెడతారు. మధ్యలో లండన్ వెళ్ళి మళ్ళీ పారిస్ వస్తే సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా సరిపోదు.

వీసా దగ్గర ఓపెన్ జా టికెట్ వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికి అప్లై చేయాలి, సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. పారిస్ నుంచి ఎక్కుతున్నామని ఫ్రాన్స్‌కి వెళ్ళకు. మీ లెక్కలో ఇటలీ ఆరు రాత్రులు, స్విట్జర్లాండ్ రెండు, ఫ్రాన్స్ నాలుగు, కాబట్టి ఇటలీ. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకి 45. ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు. దసరా కోసం జూన్‌లోనే స్లాట్ చూసుకో, వేసవిలో ఆ స్లాట్లు దొరకడమే గగనం. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు, దిగే రోజూ ఎక్కే రోజూ అందులో ఉండాలి. వీసా రాకముందే టికెట్ కొనాల్సి వస్తే రద్దు ఛార్జీ ఎంతో రెండు వైపులకీ చదివాకే కొను. మల్టీ సిటీలో వెళ్ళేది ఒక రకం ఫేర్‌లో, వచ్చేది ఇంకో రకంలో పడటం మామూలే. వెళ్ళేటప్పుడు 30 కిలోలు, వచ్చేటప్పుడు 20 అని తెలిసేది పారిస్ కౌంటర్‌లో తూచినప్పుడే.

విమానం మారే సమయం కూడా చూసుకో. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రోమ్ వెళ్తే షెంగెన్ ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, రోమ్‌లో కాదు. సైట్ గంటా పది నిమిషాల కనెక్షన్ అమ్ముతుంది, కానీ పొద్దున్నే ఆ క్యూలో పిల్లలతో అది చాలదు. రెండు గంటలకి తక్కువైతే నేనైతే వదిలేస్తాను. గల్ఫ్‌లో మారితే ఇమిగ్రేషన్ రోమ్‌లోనే. గల్ఫ్‌లో 24 గంటలు దాటి ఆగితే మాత్రం స్టాపోవర్‌గా లెక్కేసి ధర పెంచొచ్చు.

ముంబై నుంచో ఢిల్లీ నుంచో పదివేలు తక్కువుందని అల్లుడు అనొచ్చు. హైదరాబాద్ నుంచి అక్కడికి విడి టికెట్ కొంటే దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలే. బ్యాగులు తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. ముంబై విమానం ఆలస్యమై యూరప్ విమానం పోతే ఎవరికీ బాధ్యత లేదు. ఆ పోయేది మొదటి విమానం కాబట్టి, ఎక్కకపోతే మిగతా టికెట్ అంతా, పారిస్ నుంచి వచ్చేదానితో సహా, రద్దవుతుంది. ఇది గట్టిగా గుర్తుంచుకో: వరసలో ముందుది వదిలేస్తే వెనకది ఉండదు. అందుకే పదివేలకి నేను ఒప్పుకోను, పాతికవేలు మిగిలితే ముందురోజే ముంబైలో దిగి పడుకోండి.

కొనేటప్పుడు ఎయిర్‌లైన్ సైట్‌లోనే, దేశం ఇండియా అని పెట్టి, రూపాయల్లో కట్టు. ఎప్పుడూ పేరు వినని ఏజెంట్ రెండు వేలు తక్కువ చూపించి యూరోల్లో తీసుకుంటే, కార్డువాడు వేసే మూడున్నర శాతం దాకా మార్కప్‌తో ఆ రెండు వేలూ ఖాళీ. తేదీ మార్చాల్సొస్తే ఆ ఏజెంట్‌ని పట్టుకోవడం ఇంకో తలనొప్పి.

పేర్ల దగ్గర మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే టికెట్‌లో పొడి అక్షరం వేస్తారు, లేదా ముందు వెనకలు మారుస్తారు. పాస్‌పోర్ట్ చేతిలో పెట్టుకుని, సర్‌నేమ్ గడిలో ఉన్నది సర్‌నేమ్‌లోనే కొట్టు. చిన్నదాని పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందన్నావు. సైట్ ఖాళీగా వదలనివ్వదు, ఏం రాయాలో ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది. ఆ ఒక్కటీ వాళ్ళ హెల్ప్ పేజీ చూసి గానీ, ఫోన్ చేసి గానీ వేయి.

టికెట్ మెయిల్‌కి వచ్చాక రోమ్‌కీ పారిస్‌కీ మధ్య ‘ఏ ఆర్ ఎన్ కే’ అనే నాలుగక్షరాలు కనపడితే కంగారు పడకు, అక్కడ మీరు విమానంలో లేరని సిస్టమ్ రాసుకునే గుర్తు అది. అది కాక, రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్‌ఆర్ కింద ఉన్నాయో లేదో, వచ్చేది పారిస్‌లో షార్ల్ ద గాల్ నుంచో ఓర్లీ నుంచో, ఏ టెర్మినలో చూసి హోటల్ బుక్ చేయి. పారిస్ నుంచి ఎక్కే విమానం ఏ దేశపు ఎయిర్‌లైన్‌దైనా యూరప్ చట్టం కిందికి వస్తుంది. వాళ్ళ తప్పు వల్ల ఇల్లు చేరడం బాగా ఆలస్యమైతే మనిషికి 600 యూరోల దాకా అడగొచ్చు, కాబట్టి బోర్డింగ్ పాస్‌లు పారేయకండి.

ఆరు ఊళ్ళ ధరలూ రాసిన పేజీ ఫోటో తీసి వాట్సాప్ చేయి. ఆదివారం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న